డబ్బా హెచ్చరించినా.. కాలుతున్న మోటార్లు
మామిడి మెట్టలో బోరు విద్యుత్తు లోపాలపై పరిశీలన

రెడ్డిగూడెం: మామిడి పూత నిలిచి, పిందె కట్టి, ఆ పిందె గోలీకాయంత అయ్యే వేళకు తోటకు తడి అందకపోతే రాలుడు ఆగదు. సుమారుగా ఫిబ్రవరి, మార్చి మాసాలలో వచ్చే ఈ దశకు ముందు, పూత బాగా రావాలన్న ఉద్దేశంతో రైతు తోటను కావాలనే ఎండబెడతాడు. అందువల్ల నెలల తరబడి ఆగి ఉన్న బోరు మోటారు ఒక్కసారిగా రోజంతా తిరగవలసి వస్తుంది. అదే సమయానికి భూగర్భ జలమట్టం దిగుతుంది. పక్క తోటల మోటార్లు కూడా అదే గంటలలో ఆడతాయి. లైనులో వోల్టేజి పడిపోతుంది. మోటారు మీద పడగల ఒత్తిళ్లన్నీ ఒకే ఋతువులో కూడుకుంటాయి.

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో రెడ్డిగూడెం మండలం ఎన్టీఆర్ జిల్లాలోనూ, నూజివీడు ఏలూరు జిల్లాలోనూ చేరాయి. జిల్లాలు వేరైనా తోటల బాధ ఒక్కటే. రంగాపురం, కూనపరాజుపర్వ, మద్దులపర్వ మొదలుకొని నూజివీడు వరకు బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయ పండించే మెట్ట భూములకు ఆధారం బోరుబావే. గోదావరి జలాలను ఈ మెట్టకు తేవలసిన చింతలపూడి ఎత్తిపోతల పథకం ఏళ్ల తరబడి నిర్మాణ దశలోనే నలిగింది. కనుక భూమిలో వందల అడుగుల లోతున, కంటికి కనబడకుండా తిరుగుతున్న యంత్రం మీదనే రైతు ఏడాది ఆదాయం ఆధారపడి ఉంది. అది ఆగితే మూడు కాళ్ల స్టాండు, చైన్ బ్లాకు, పైపులు విప్పే మనుషులు, పట్నంలో వైండింగ్ షాపు, మళ్లీ దించడం. ఈ తతంగం ముగిసేసరికి వారం గడిస్తే, పిందె దశలోని తోటకు ఆ వారం తిరిగి రాదు.

మోటారు కాలిన ప్రతిసారీ గ్రామాలలో రెండు మాటలు వినబడతాయి. కరెంటు సరిగా లేదని రైతు అంటాడు. రైతులు ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టుకోవడమే కారణమని సిబ్బంది అంటారు. రెండూ నిజాలే. అయితే ఈ రెండింటి నడుమ మరుగున పడుతున్న మూడవ నిజం ఒకటున్నది. మోటారు కాలడానికి ముందు స్టార్టరు డబ్బా దాదాపు ప్రతిసారీ హెచ్చరిస్తుంది. రిలే పడుతుంది, ప్రివెంటర్ ఆపుతుంది, ఆంపియరు ముల్లు చోటు మారుతుంది. ఆ హెచ్చరికను చదివేవారు లేక, దాని నోరు మూయించడమే మరమ్మతుగా చలామణి అవుతున్నది.

'డైరెక్ట్' చేస్తే తీరే జబ్బు కాదు

తడి పెట్టే రోజున స్టార్టరు పదే పదే పడిపోతుంటే రైతుకు సహనం నశిస్తుంది. పిలిచిన మెకానిక్కు ప్రివెంటర్ తీగలు విప్పి కలిపేస్తాడు. లేదా ఓవర్‌లోడ్ రిలే మీది మరను చివరి గుర్తు వరకు తిప్పేస్తాడు. దీనికే ఊళ్లలో 'డైరెక్ట్ చేయడం' అని పేరు. మోటారు ఆగకుండా తిరుగుతుంది. మెకానిక్కుకు మంచి పేరు వస్తుంది. కొద్ది రోజులకో కొద్ది గంటలకో వైండింగు కాలుతుంది. ఆ నింద కంపెనీ మీదకో కరెంటు మీదకో పోతుంది.

ప్రివెంటర్ ఆపే ప్రధాన కారణం ఒక ఫేజు పోవడం. మూడు ఫేజుల మీద తిరుగుతున్న మోటారుకు ఒకటి పోతే అది వెంటనే ఆగిపోదు. మిగిలిన రెండింటి మీదనే భారమంతా లాగుతుంది. అదే పనికి ఆ రెండు తీగలలో ప్రవాహం సుమారు 1.73 రెట్లకు పెరుగుతుంది. ఆగి ఉన్న మోటారుకు రెండు ఫేజులే అందితే పరిస్థితి మరింత విషమం. అది తిరగనే తిరగదు. గుర్రుమని మూలుగుతూ, మామూలు ప్రవాహానికి ఐదారు రెట్లు తీసుకుంటుంది. రక్షణ లేనిచో కొద్ది నిమిషాలలోనే వైండింగు మాడుతుంది.

ఇక్కడ రైతును ఎక్కువగా మోసగించేది డబ్బా మీది ఎరుపు, పసుపు, నీలం లాంపులు. మూడూ వెలుగుతున్నాయి కనుక మూడు ఫేజులూ ఉన్నాయని అనుకోవడం సహజం. కాని నడుస్తున్న మోటారు తన వైండింగు ద్వారా పోయిన ఫేజు మీదకు తిరిగి వోల్టేజిని పుట్టిస్తుంది. అదే ట్రాన్స్‌ఫార్మరు మీద ఇతర మోటార్లు తిరుగుతున్నా ఇదే జరుగుతుంది. లాంపు కొంచెం మసకగానైనా వెలుగుతూనే ఉంటుంది. వోల్టేజిని మాత్రమే చూసే చౌక రకం ప్రివెంటర్ సైతం ఇదే భ్రమలో పడి మోటారును ఆపకపోవచ్చు. ప్రవాహాన్ని చూసే రకం మాత్రమే దీనిని పట్టగలదు. కొనేటప్పుడు దుకాణంలో అడగవలసిన ప్రశ్న ఇదొక్కటే. ఆ ప్రశ్న అడిగే కొనుగోలుదారు అరుదు.

ఆంపియరు ముల్లు చెప్పే కథ

బోరులో ఏమి జరుగుతున్నదో పైనుంచి తెలుసుకొనడానికి రైతు చేతిలో ఉన్న సాధనం ఆంపియరు మీటరే. డబ్బాలో అది లేకుంటే మెకానిక్కు దగ్గర ఉండే టాంగ్ టెస్టర్‌తో మూడు తీగలనూ విడివిడిగా కొలిపించవచ్చు. మోటారు కొత్తగా దించిన రోజున, నీరు నిండుగా పోస్తున్నపుడు, మూడు ఫేజులలో ఎంత ప్రవాహం ఉందో, వోల్టేజి ఎంత ఉందో డబ్బా తలుపు లోపలి వైపు రాసి పెట్టుకొనడం అత్యంత విలువైన పని. 5 హెచ్‌పీ మోటారు సాధారణంగా ఏడున్నర నుంచి తొమ్మిది ఆంపియర్ల వరకు తీసుకుంటుంది. కచ్చితమైన అంకె మోటారు మీది రేకుపై ఉంటుంది. రిలేను ఆ అంకెకు సరిపెట్టాలి తప్ప రిలే పడకుండా ఉండే చోటుకు కాదు.

ముల్లు మామూలు కంటే కిందికి దిగితే పంపుకు పని తగ్గిందని అర్థం. బోరులో నీరు అయిపోయి ఉండవచ్చు. అరుదుగా పంపును మోటారుతో కలిపే కప్లింగు విరిగి ఉండవచ్చు. ప్రవాహం తగ్గింది కదా, ప్రమాదం లేదని భావించడం పొరపాటు. సబ్‌మెర్సిబుల్ మోటారుకు చల్లదనం ఇచ్చేది దాని చుట్టూ పారే బోరు నీరే. లోపలి వైండింగు తీగకు ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఎక్కువ వేడిని ఓర్చుకోలేదు. నీరు లేకుండా తిరిగితే తక్కువ ప్రవాహం మీదనే చెడిపోతుంది. ఓవర్‌లోడ్ రిలేకు ఈ సంగతి తెలియదు. ఇందుకు ప్రత్యేకంగా డ్రై రన్ రక్షణ కావాలి.

ముల్లు నిలకడ లేక ఊగుతూ, పైపులో నీరు దగ్గుతూ వస్తుంటే నీటి మట్టం పంపు దాకా దిగి, గాలి పీలుస్తున్నదని గుర్తించాలి. అప్పుడు చేయవలసింది గేటువాల్వు కొంత మూసి, బోరు ఊరేంత మేరకే తోడడం. హెచ్‌పీ పెంచితే నీరు పెరుగుతుందన్న నమ్మకం ఈ ప్రాంతపు మెట్టలో ఎన్నో బోర్లను, మోటార్లను కలిపి మింగింది.

ముల్లు మామూలు కంటే పైకి పోతే కారణాలు పలు విధాలు. వోల్టేజి తగ్గి ఉండవచ్చు, పంపులో ఇసుక పట్టి ఉండవచ్చు, బేరింగు పోయి ఉండవచ్చు. 415 వోల్టుల సరఫరాలో ఆరు శాతం హెచ్చుతగ్గులంటే 390 నుంచి 440 వరకు. అంతకంటే తగ్గినకొద్దీ మోటారు శక్తి వోల్టేజి వర్గానికి అనుగుణంగా పడిపోతుంది. పది శాతం తగ్గితే తిప్పే బలం 81 శాతానికి చేరుతుంది. నీటి బరువు మాత్రం తగ్గదు కనుక మోటారు ఎక్కువ ప్రవాహం లాగుతుంది.

మూడు ఫేజులలో ఒక్కదానిలోనే ప్రవాహం ఎక్కువగా ఉంటే లోపం సరఫరాలోనా, మోటారులోనా అన్న వివాదం మొదలవుతుంది. దీనిని తేల్చే పరీక్ష చాలా సులభం. సరఫరా పూర్తిగా ఆపి, స్టార్టరు నుంచి మోటారుకు వెళ్లే మూడు తీగలనూ ఒక్కొక్క స్థానం చొప్పున వరుసగా జరపాలి. మూడూ జరుగుతాయి కనుక మోటారు తిరిగే దిశ మారదు. మళ్లీ కొలిచినపుడు ఎక్కువ ప్రవాహం అదే సరఫరా ఫేజు మీద ఉంటే లోపం లైనులో ఉంది. మోటారు తీగతో పాటు జరిగితే లోపం మోటారులోనో కేబులులోనో ఉంది. అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్‌కు పావుగంట పని. అది చేయకుండానే మోటారు పైకి లాగించడం, తీరా చూస్తే మోటారు బాగానే ఉండడం వల్ల రైతుపై పడే కూలి భారం వృథా.

వోల్టేజి వ్యత్యాసం చిన్నదే కదా అన్న నిర్లక్ష్యమూ తగదు. మూడు ఫేజుల మధ్య వోల్టేజిలో మూడున్నర శాతం అసమానత ఉంటే వైండింగులో వేడి పెరుగుదల సుమారు పాతిక శాతం హెచ్చుతుందన్నది మోటార్ల రంగంలో చిరకాలంగా అనుసరిస్తున్న లెక్క.

ఫ్యూజు నుంచి మొదలయ్యే గొలుసు

25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఒక్కొక్క లైనులో సుమారు 33 ఆంపియర్లు ఇవ్వగలదు. ఏడున్నర ఆంపియర్ల చొప్పున 5 హెచ్‌పీ మోటార్లు ఐదు ఒకేసారి తిరిగితేనే 37 దాటుతుంది. కాగితం మీద ఐదు హెచ్‌పీగా నమోదై, బోరులో ఏడున్నర హెచ్‌పీ ఉన్న మోటార్లను లెక్కిస్తే సంగతి చెప్పనక్కరలేదు. ఇక సరఫరా వచ్చిన క్షణాన ఆటోమేటిక్ స్టార్టర్లన్నీ ఒకేసారి మోటార్లను ఎత్తుకుంటే, ఒక్కొక్కటి ఐదారు రెట్లు లాగుతుంది. వోల్టేజి కుంగుతుంది. కుంగిన వోల్టేజిలో మోటార్లు వేగం అందుకోలేక మరికొంతసేపు అదే భారీ ప్రవాహం తీసుకుంటాయి. ఆ దెబ్బకు మూడు ఫ్యూజులలో బలహీనమైనది ఒకటి పోతుంది. అక్కడి నుంచి ఆ ట్రాన్స్‌ఫార్మరు మీది ప్రతి మోటారూ రెండు ఫేజుల పాలవుతుంది. ప్రివెంటర్ ఉన్న మోటారు ఆగుతుంది. 'డైరెక్ట్' చేసినది కాలుతుంది. పక్క రైతు చేసిన పనికి ఈ రైతు మోటారు బలి కావడమంటే ఇదే.

దీనికి మందు ఆటో స్టార్టరును పూర్తిగా నిషేధించడమే అనడంలో కొంత అన్యాయం ఉంది. సరఫరా వేళలు నిలకడగా ఉండని కాలంలో, రాత్రివేళ పాములు, తేళ్ల నడుమ తోటకు పోలేక పెట్టుకున్న పరికరమది. 2019 తరువాత పగటిపూట తొమ్మిది గంటల సరఫరా విధానంగా వచ్చాక ఆ అవసరం తగ్గిన మాట వాస్తవం. అయినా మానుకోలేని చోట, ఒక్కొక్క మోటారుకు వేర్వేరు వ్యవధిలో ఆలస్యంగా మొదలయ్యే టైమరు పెట్టుకుంటే గొలుసు మొదటి మెట్టులోనే తెగుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది రైతులు కూర్చుని మాట్లాడుకుంటే తేలే విషయమిది. ఒకరు మొదటి నిమిషంలో, మరొకరు మూడవ నిమిషంలో, ఇంకొకరు ఐదవ నిమిషంలో.

పంపిణీ సంస్థ బాధ్యత కూడా తక్కువేమీ కాదు. ట్రాన్స్‌ఫార్మరు వద్ద కొలత ప్రకారం ఫ్యూజు తీగ అందుబాటులో లేక, ఆ చోట అల్యూమినియం తీగ పోగులు మెలిపెట్టి కట్టడం పల్లెల్లో అందరూ చూసిన దృశ్యమే. రెండు ఫేజులకు లావు తీగ, మూడవదానికి సన్న తీగ ఉంటే ఎప్పుడూ అదే ఫేజు పోతుంది. సీజను మొదలయ్యే ముందే ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మరు మీది లోడు కొలిచి, అదనపు ట్రాన్స్‌ఫార్మర్లు, వదులైన జంపర్లు, తుప్పు పట్టిన ఏబీ స్విచ్చిల పని పూర్తి చేయవలసి ఉండగా, కాలిపోయాక మార్చడమే ఆనవాయితీగా మారింది. రైతును తప్పుపట్టే నోరు ముందు తన దిమ్మె మీది ఫ్యూజు పెట్టెను చూసుకోవాలి.

ఉచిత విద్యుత్తు 2004 మే 14న మొదలైన తరువాత దానికి కొన్ని షరతులు వచ్చాయి. కెపాసిటరు, ఐఎస్ఐ ముద్ర ఉన్న పంపుసెట్టు, తగిన ప్లాస్టిక్ పైపులు, రాపిడి తక్కువ గల ఫుట్‌వాల్వు ఉండాలన్నారు. 5 హెచ్‌పీకి రెండు కేవీఏఆర్, ఏడున్నరకు మూడు కేవీఏఆర్ కెపాసిటరు అన్న కొలతలూ ఉన్నాయి. ఊళ్లలో కండెన్సర్ అని పిలిచే ఈ చిన్న డబ్బా వల్ల లైనులో ప్రవాహం తగ్గి, చివరి తోట దాకా వోల్టేజి కొంత నిలుస్తుంది. అది ఒకరు పెడితే కనబడే లాభం కాదు, ట్రాన్స్‌ఫార్మరు కింద అందరూ పెడితేనే తెలుస్తుంది. అందుకే పలుచోట్ల తనిఖీ కోసం కొన్నది తరువాత తీగలు విప్పి గోడకు వేలాడుతున్నది.

తీగలో పోయే వోల్టేజి

పెద్ద తోటలలో స్తంభం ఒకచోట, బోరు మరొకచోట ఉంటాయి. 300 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీద తొమ్మిది ఆంపియర్లు పంపితే దారిలోనే సుమారు 30 వోల్టులు పోతాయి. అదే మందం అల్యూమినియం అయితే దాదాపు 50. ఆరు చదరపు మిల్లీమీటర్ల రాగి వాడితే పన్నెండుతో సరి. స్తంభం దగ్గర 400 ఉన్నా బోరు దగ్గర 350 మాత్రమే ఉండడానికి, లైన్‌మన్ మీటరు ఒక అంకె, రైతు మీటరు మరొక అంకె చూపడానికి కారణం ఇదే కావచ్చు. మోటారు నడుస్తున్నపుడు రెండు చోట్లా కొలిస్తేనే తెలుస్తుంది. ఆపి ఉంచి కొలిస్తే రెండూ ఒకటే చూపుతాయి.

అతుకుల సంగతి మరొకటి. బోరు నోటి దగ్గర టేపు చుట్టి వదిలేసిన అతుకు, స్టార్టరులో వదులైన మర వేడెక్కి, నల్లబడి ఆ ఫేజును బలహీనపరుస్తాయి. వాసన, రంగు మారిన తొడుగు, కాంటాక్టరు టకటకమనే చప్పుడు ఇందుకు గుర్తులు. నెలల తరబడి ఆపిన మోటారును మళ్లీ ఎక్కించే ముందు మర్రలన్నీ బిగించి, మెగ్గరుతో కేబులును, వైండింగును పరీక్షించాలి. విలువ ఒక మెగా ఓమ్ కంటే తగ్గితే నీరు లోపలికి దిగిందో తొడుగు చెడిందో చూడకుండా నడపరాదు. ప్రయోగం చేసి చూద్దామనుకుంటే పోయేది మోటారే.

కాలిన వైండింగును చూడాలి

మోటారు కాలిందని వైండింగ్ షాపుకు చేర్చి, తిరిగి ఎప్పుడిస్తారని మాత్రమే అడిగి రావడం రివాజు. షాపులో పాత తీగ కోసి పారేసే ముందు దానిని రైతు స్వయంగా చూడాలి. మూడు ఫేజుల చుట్లూ ఒకే తీరుగా నల్లబడితే అది ఎక్కువ భారమో, తక్కువ వోల్టేజియో, నీరు లేక తిరగడమో. స్టారు కనెక్షనులో రెండు ఫేజుల చుట్లు మాడి, మూడవది చెక్కుచెదరకుండా ఉంటే నిస్సందేహంగా ఫేజు పోయింది. డెల్టా కనెక్షనులో ఇది తిరగబడుతుంది. ఒక్క ఫేజు మాత్రమే మాడి, రెండు మిగులుతాయి. అంతా బాగుండి, ఒకచోట మాత్రమే కాలిన మచ్చ ఉంటే తీగ తొడుగు దెబ్బతిన్నదని అర్థం. ఏది చూసినా సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీసి ఉంచుకోవడం మేలు.

ఆ మచ్చను చదవకుండా కొత్త తీగ చుట్టించి అదే డబ్బాకు, అదే ఫ్యూజుకు కలిపితే అదే సీజనులో రెండవసారి షాపు మెట్లు ఎక్కవలసి వస్తుంది. ఒకే మోటారు మూడుసార్లు వైండింగుకు వెళ్లిందంటే అది మోటారు తప్పు కాదు.

ఫోనుకు వచ్చే హెచ్చరిక

ఇటీవలి సంవత్సరాలలో సిమ్ కార్డుతో పనిచేసే మొబైల్ స్టార్టర్లు తోటలలోకి ప్రవేశించాయి. ఇంట్లో కూర్చుని మోటారు వేయవచ్చు. ఫేజు లేదని, నీరు లేదని, భారం ఎక్కువైందని ఫోనుకే సందేశం వస్తుంది. డబ్బా దగ్గర మనిషి లేకున్నా హెచ్చరిక యజమానికి చేరడం పెద్ద సదుపాయమే. అయితే సందేశం రాగానే కారణం చూడకుండా మళ్లీ మళ్లీ ఆన్ నొక్కడం, డైరెక్ట్ చేయడానికి కొత్త రూపం తప్ప మరొకటి కాదు. వరుసగా రెండుసార్లు ఆగితే మూడవసారి నొక్కకుండా మనిషిని పంపాలి. దూరం నుంచి నడిపేటపుడు మరో ప్రమాదమున్నది. పాదుల్లో పనిచేస్తున్న కూలీలు, బోరు దగ్గర చేతులు కడుగుతున్న పిల్లలు యజమానికి కనబడరు.

ఈ ప్రమాదం నుంచి కాపాడవలసింది ఎర్తింగు. రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు, ఎండాకాలంలో అప్పుడప్పుడు పోసే నీరు. ఖర్చు స్వల్పమే అయినా చాలా డబ్బాలకు ఎర్తు తీగ కనబడదు, లేక ఒట్టి నేలలో గుచ్చిన చిన్న కడ్డీకి చుట్టి ఉంటుంది. ఇనుప డబ్బాకు ఫేజు తగిలినపుడు ఫ్యూజు పోవలసింది పోక, డబ్బా తాకిన మనిషి ప్రాణం పోతున్నది. లీకేజీ ప్రవాహాన్ని పట్టి సరఫరా తెంచే పరికరం కూడా తోడైతే రక్షణ రెట్టింపవుతుంది.

ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోయిందని రైతులే ఏబీ స్విచ్చి దించి దిమ్మె ఎక్కడం ఈ సీజనులో మరింత తరచు. స్విచ్చి హ్యాండిలు కిందికి వచ్చినంత మాత్రాన పైన మూడు బ్లేడులూ విడివడ్డాయన్న హామీ లేదు. తుప్పు పట్టిన చోట ఒకటి అంటుకునే ఉంటుంది. లైన్‌మన్ రావడానికి ఆలస్యమవుతుందన్న కారణంతోనే ఎక్కుతారు గనుక, ఆ ఆలస్యం తగ్గించవలసిన పని సంస్థది. ఫిర్యాదును 1912 నంబరుకు చెప్పి, ఫిర్యాదు సంఖ్య రాసి ఉంచుకుంటే ఎంతసేపటికి మనిషి వచ్చాడో చూపడానికి ఆధారం మిగులుతుంది. నోటిమాటగా లైన్‌మన్‌కు చెప్పినది ఏ పుస్తకంలోనూ ఎక్కదు. తరువాత అదనపు ట్రాన్స్‌ఫార్మరు కావాలని అడిగేటపుడు ఆ సంఖ్యలే అక్కరకు వస్తాయి.